పేరు ఆమెది, పైసలెవరివి?

విదేశీ బ్యాంకు ఖాతా అనగానే మనలో చాలామందికి స్విట్జర్లాండు, నల్లధనం, పెద్దమనుషుల కుంభకోణాలు గుర్తొస్తాయి. ఆ మాటకీ మనం పనిచేసే బస్తీలకీ, పల్లెలకీ సంబంధం లేదనుకుంటాం. పన్నుల సంగతి డబ్బున్నవాళ్లదని, ఆడవాళ్ల హక్కుల పత్రికలో దానికి చోటెందుకని అడిగే స్నేహితురాళ్లు కూడా ఉన్నారు. కానీ భైంసాలో, చుట్టుపక్కల ముధోల్, తానూరు, కుభీరు మండలాల్లో వలస కుటుంబాల స్త్రీలతో మాట్లాడుతూ వచ్చినకొద్దీ ఈ విషయాన్ని పక్కన పెట్టడం నావల్ల కాలేదు. దుబాయిలో, రియాద్‌లో జీతం పడే ఖాతా విదేశీ ఖాతాయే. పని మానేసి వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చే లెక్క తీర్పు డబ్బు విదేశీ పదవీ విరమణ సొమ్మే. అమెరికాలో ఉద్యోగం చేసే అల్లుడి జీతంలోంచి ప్రతినెలా కోసుకుని దాచే పింఛను నిధి కూడా అదే. వీటన్నిటి గురించి ప్రభుత్వాలకు ఏటా లెక్క చెప్పాలని చట్టాలున్నాయి. ఆ లెక్కలో ఆడవాళ్ల పేర్లు ఎక్కడ కనిపిస్తాయి, ఎక్కడ మాయమవుతాయి అన్నదే ఈ వ్యాసంలో నేను లేవనెత్తదలచుకున్న ప్రశ్న.

నాకర్థమైనది ముందే చెప్తాను. బాధ్యత దగ్గర చట్టం స్త్రీని సొంతదారుగా గుర్తిస్తుంది. హక్కు దగ్గరకొచ్చేసరికి ఆమెను భార్యగానో, నామినీగానో, ఆధారపడిన మనిషిగానో పక్కకు జరుపుతుంది. ఈ అసమానతను మనం అర్థం చేసుకోవాలి. ఆడవాళ్లను భయపెడుతున్న ఆ కాగితాలనే వాళ్ల హక్కుకు ఆధారంగా ఎలా మలచుకోవచ్చో కూడా ఆలోచించాలి.

భైంసా పత్తి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉండటంవల్ల బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. 2016 అక్టోబరు దాకా ఇది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్ జిల్లా. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పాత జిల్లాల నుంచి గల్ఫ్‌కు మగవాళ్లు వెళ్లడం రెండు తరాల కథ. ఎక్కువమంది కట్టడాల పనికి, డ్రైవర్లుగా, లేబర్ క్యాంపుల్లో వంటవాళ్లుగా పోతారు. వీసాకు చేసిన అప్పు తీరేదాకా ఇక్కడ భార్య బీడీలు చుడుతుంది, కౌలు పొలం చూసుకుంటుంది, అత్తమామలకు మందులు కొంటుంది, పిల్లల ఫీజులు కడుతుంది. ఆమె ఇంత చేస్తేనే అతను అక్కడ నిలదొక్కుకోగలడు. అంటే గల్ఫ్ జీతం ఇద్దరి శ్రమ ఫలితం. సామాజిక శాస్త్రంలో దీన్ని రుజువు చేయడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఒక నెల ఇంటి ఖర్చు లెక్క రాసి చూస్తే చాలు. కానీ జీతం చీటీ మీద ఒక్క పేరే ఉంటుంది.

ఇక చట్టం సంగతి. మన ఆదాయపు పన్ను చట్టం ప్రధానంగా మనిషి ఆ సంవత్సరం ఎక్కడ ఎన్ని రోజులున్నాడో చూస్తుంది. సంవత్సరంలో ఎక్కువకాలం గల్ఫ్‌లో పనిచేసేవాడు ప్రవాసి. అక్కడి జీతం మీద మన దేశంలో పన్ను లేదు, అక్కడి ఖాతాల గురించి మన రిటర్నులో చెప్పనక్కర్లేదు. అతను తిరిగి వచ్చేశాక కూడా కొంత వెసులుబాటు ఉంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నా, గత ఏడేళ్లలో దేశంలో గడిపినవి 729 రోజులు మించకపోయినా, అతన్ని ‘సాధారణ నివాసి కాని నివాసి’ అంటారు. మామూలుగా రెండు మూడేళ్లు అలా నడుస్తుంది. ఆ కాలంలో కూడా విదేశీ ఆస్తుల పట్టిక నింపే పని లేదు. ఆ తర్వాత పూర్తి నివాసి అవుతాడు. అప్పట్నుంచి బయటి దేశంలో మిగిలిన ఖాతా, పింఛను నిధి, వాటా, స్థలం ఏదున్నా రిటర్నులో ‘షెడ్యూల్ ఎఫ్‌ఏ’ అనే పట్టికలో చూపించాలి. 2012 నుంచి ఉన్న నియమం ఇది. పన్ను పడేంత ఆదాయం లేకపోయినా, విదేశీ ఆస్తి ఉంటే చాలు, పూర్తి నివాసి అయిన మనిషి రిటర్ను వేసి తీరాలి. 1961 చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టంలోనూ నివాసుల మధ్య ఈ తేడా కొనసాగింది.

ఇందులో ఆడవాళ్లకు సంబంధించిన మెలిక ఒకటుంది. ప్రవాసి భర్త దుబాయిలో తన ఖాతాకు భార్య పేరు కూడా జోడించాడనుకుందాం. లేదా ఆమె కొన్నేళ్లు ఫ్యామిలీ వీసా మీద అక్కడుండి, అప్పుడు తెరిచిన ఉమ్మడి ఖాతా అలాగే ఉండగా, పిల్లల చదువుకోసం భైంసా తిరిగొచ్చిందనుకుందాం. అతను ఇంకా ప్రవాసియే కాబట్టి అతనికి ఇక్కడ చెప్పాల్సిన బాధ్యత లేదు. ఎప్పుడూ ఇక్కడే ఉన్నామె మొదట్నుంచీ, తిరిగొచ్చినామె రెండు మూడేళ్ల తర్వాత, పూర్తి నివాసులు. ఖాతాలో పేరున్నా, సంతకం చేసే అధికారం మాత్రమే ఉన్నా, చట్టం ప్రకారం ఆమె రిటర్ను వేసి ఆ ఖాతాను చూపించాలి. ఆమెకు సొంత ఆదాయం లేకపోవచ్చు. ఆ ఖాతా ఏటీఎం కార్డు ఆమె ఎన్నడూ చేత్తో పట్టుకుని ఉండకపోవచ్చు. సంపాదించి, తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టే మనిషికి లేని బాధ్యత ఆమె నెత్తిన పడుతుంది.

ఆ బాధ్యత తప్పితే ఏమవుతుంది? 2015 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నల్లధన చట్టం కింద విదేశీ ఆస్తిని రిటర్నులో చూపకపోతే పది లక్షల రూపాయల జరిమానా. కావాలని దాచారని తేలితే ఆరు నెలల నుంచి ఏడేళ్ల వరకు జైలు. మొదట్లో ఖాతాల్లో కలిపి ఐదు లక్షల లోపు ఉంటేనే ఈ జరిమానా నుంచి మినహాయింపు ఉండేది. 2024 అక్టోబరు 1 నుంచి స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తుల మొత్తం ఇరవై లక్షల లోపుంటే ఆ జరిమానా లేదు. మనం కలిసే కుటుంబాల్లో చాలావరకు ఈ హద్దు లోపలే ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది అనవసరంగా భయపడుతున్నారు. అయితే జరిమానా లేకపోవడం వేరు, చెప్పాల్సిన బాధ్యత లేకపోవడం వేరు. రెండోది అలాగే ఉంది.

ఎవరికి తెలుస్తుందిలే అనుకునే రోజులు పోయాయి. వందకు పైగా దేశాలు ఒకరి నివాసుల ఖాతాల వివరాలు ఇంకొకరికి ఏటా పంపుకుంటున్నాయి. గల్ఫ్ దేశాలు కూడా అందులో ఉన్నాయి. 2024 నవంబరులో మన పన్నుల శాఖ విదేశీ ఆస్తులు చూపని వారికి సందేశాలు పంపింది. ఆ తర్వాత 24,678 మంది తమ రిటర్నులు తిరిగి చూసుకున్నారని, 5,483 మంది ఆలస్యంగా రిటర్నులు వేశారని, 29,208 కోట్ల రూపాయల విదేశీ ఆస్తులు బయటికొచ్చాయని ప్రకటించింది. ఆ అంకెలు చదివినప్పుడు నాకు కలిగిన సందేహం ఒక్కటే. వీరిలో తమది కాని డబ్బుకు తమ పేరుతో లెక్క చెప్పిన స్త్రీలు ఎంతమంది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే పన్నుల గణాంకాలను స్త్రీ పురుష భేదంతో ఇవ్వమని మనమే అడగాలి.

ఇటువంటి సందేశం ఫోనుకు వచ్చిన ఒకామె నన్నడిగింది: “అక్కా, కాయితం మీద నా పేరుంటె నన్ను పట్టుకపోతరా? ఆ పైసలు నేను సూడనే లేదు.” ఆమెను ఎవరూ పట్టుకుపోరని చెప్పాను. ఖాతాలో ఎంతుందో అడిగితే ఆమెకు తెలియదు. భర్తను అడిగితే “నీకెందుకు” అన్నాడట. చట్టం ఆమెను అడుగుతోంది. ఆమె భర్తను అడగలేకపోతోంది. ఈ రెంటి మధ్య నలిగే స్థితిని ఏమనాలి? ఆర్థిక హింస అన్న మాట మనం వాడుతూనే ఉన్నాం. 2005 గృహహింస చట్టంలో కూడా ఉంది. భార్య పేరుతో ఉన్న డబ్బు వివరం భార్యకే చెప్పకపోవడం ఆ మాట కిందికే వస్తుందని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించుకోవాలి. గల్ఫ్ నుంచి డబ్బు పంపే ఎన్‌ఆర్‌ఈ ఖాతా మన దేశంలోని బ్యాంకులో ఉండే ఖాతా. అది విదేశీ ఆస్తి కాదు, షెడ్యూల్ ఎఫ్‌ఏలో రాయనక్కర్లేదు. మరి అందులో భార్య స్థానమేమిటి? 2011 నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ప్రవాసి తన ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఇక్కడుండే దగ్గరి బంధువును రెండో పేరుగా చేర్చవచ్చు. అయితే ‘మొదటివారు లేదా బతికున్నవారు’ అనే పద్ధతిలో మాత్రమే. అతను బతికున్నంతకాలం ఆమె అధికారపత్రం ఉంటేనే, అతని తరఫున మాత్రమే, ఖాతా నడపగలదు. అతను పోతేనే ఖాతా ఆమె చేతికొస్తుంది. విదేశీ మారకద్రవ్యం నియమాలకు వాటి కారణాలు వాటికుండవచ్చు. కానీ వితంతువైతే తప్ప భార్యకు స్వతంత్ర అధికారం లేని ఏర్పాటు మనకు కొత్తది కాదు. భూమి పట్టాల్లో చూశాం, ఇళ్ల కాగితాల్లో చూశాం. ఇప్పుడు బ్యాంకు ఫారంలో చూస్తున్నాం.

నామినీ విషయంలోనూ ఇంతే. నామినీగా నా పేరుంది కాబట్టి డబ్బు నాదే అనుకునే భార్యలున్నారు. నామినీ పేరు మరిదిది కాబట్టి ఇక తమకేమీ రాదని ఊరుకునే భార్యలూ ఉన్నారు. రెండూ పొరపాటే. నామినీ అంటే డబ్బు అందుకుని వారసులకు అప్పగించే మనిషేనని సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో చెప్పింది. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో మళ్లీ అదే సూత్రం నిలబెట్టింది. హిందూ వారసత్వ చట్టం కింద భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన వాటాలు. ముస్లిం స్త్రీకి పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. నామినీ ఎవరైనా ఈ వాటాలు పోవు.

గల్ఫ్‌లో పదవీ విరమణ పింఛను వలస కార్మికులకు ఉండదు. దాని స్థానంలో పని ముగింపు డబ్బు ఉంటుంది. యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపై ఏడాదికి 30 రోజులది ఇవ్వాలి. మూలవేతనం 1,200 దిర్హాములున్న కార్మికుడు పదేళ్లు చేస్తే 255 రోజుల లెక్కన 10,200 దిర్హాములు వస్తాయి. మన డబ్బులో సుమారు రెండున్నర లక్షలు. పదేళ్ల ఎడబాటుకు మిగిలే పెద్ద మొత్తం ఇదొక్కటే. పదేళ్లు ఇల్లు నడిపినామెకు ఇటువంటి డబ్బొకటి వస్తుందనే తెలియదు. అతను తిరిగొచ్చాక అది తమ్ముడి ఇంటికో, చెల్లెలి పెళ్లికో వెళ్లిపోయాక తెలుస్తుంది. అతను అక్కడే చనిపోతే మరీ కష్టం. వారసుల ధ్రువపత్రం, అధికారపత్రం, రాయబార కార్యాలయంతో ఉత్తరాలు. “నువ్వేం తిరుగుతవు, నేను జూస్తలే” అంటూ మరిదో బావో అధికారపత్రం రాయించుకుంటారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అది అవసరమే. దాంతోపాటు కంపెనీ ఇవ్వాల్సిన బాకీ ఎంత, ఏ ఖాతాలో పడింది అన్న వివరం భార్యకు నేరుగా అందే ఏర్పాటు కూడా కావాలి.

గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లలో ఏడాదికి సగం నెల జీతం చొప్పున ముగింపు డబ్బు రావాలి. కానీ ఇంటిపని చేసేవాళ్లు ఆ చట్టం పరిధిలోకి రారు. వాళ్లకున్న వేరే నియమాల ప్రకారం నాలుగేళ్లు వరసగా చేస్తే ఒక నెల జీతం. అంటే నాలుగేళ్లకు కట్టడం పనివాడికి రెండు నెలల జీతం, ఇంటిపనామెకు ఒక నెలది. ఇంట్లో చేసే పని పనే కాదని మన ఊళ్లో అనే మాటను అక్కడ నియమంగా రాసిపెట్టారు. ఆమె పంపే డబ్బు పడేది భర్త ఖాతాలో. ఇక తిరిగొచ్చాక తన సంపాదన ఎక్కడుందో ఆమే వెతుక్కోవాలి.

అమెరికా వలస దీనికి పూర్తిగా భిన్నంగా కనిపిస్తుంది. చదువుకున్న పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఘనంగా పెళ్లి. కరీంనగర్, నిర్మల్ నుంచి కూడా ఇలా వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. గల్ఫ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు కాబట్టి రిటర్ను అనే కాగితమే ఉండదు. అమెరికాలో ఉంటుంది. భార్యాభర్తలు ఎక్కువగా ఉమ్మడి రిటర్ను వేస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లకు మన దేశంలోని ఖాతాలే విదేశీ ఖాతాలు. సంవత్సరంలో ఏ ఒక్కరోజైనా అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ‘ఎఫ్‌బార్’ అనే ప్రకటన వేరుగా ఇవ్వాలి. 1970 నాటి చట్టం నుంచి వచ్చిన నియమమిది. 2010 నాటి ఫాట్కా చట్టం కింద, ఆస్తులు ఇంకా పెద్ద మొత్తంలో ఉంటే, రిటర్నుతోపాటు మరో ఫారం. ఆ చట్టం మీద భారత్, అమెరికా 2015 జూలైలో ఒప్పందం చేసుకున్నాయి. అప్పట్నుంచి మన బ్యాంకులు కూడా వివరాలు పంపుతున్నాయి.

ఇప్పుడా పిల్ల వైపు నుంచి చూడండి. పెళ్లికి ముందు ఉద్యోగం చేసినప్పటి పీఎఫ్, నాన్న తన పేరు మీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, అమ్మతో కలిసి భైంసాలో తెరిచిన ఉమ్మడి ఖాతా. ఎఫ్‌బార్ లెక్కలో ఇవి చేరతాయి. అమ్మ పెన్షన్ డబ్బే అయినా కూతురి పేరున్న ఖాతా మొత్తం లెక్కకొస్తుంది. ఆమె డిపెండెంట్ వీసా మీద ఉండవచ్చు, పనిచేసే అనుమతి లేకపోవచ్చు. కానీ ఉమ్మడి రిటర్ను మీద సంతకం చేశాక పన్నుకు ఇద్దరూ విడివిడిగా కూడా, కలిసి కూడా బాధ్యులు. భర్త ఏమి దాచాడో ఆమెకు తెలియకపోయినా బాకీ ఆమె దగ్గర వసూలు చేయొచ్చు. నిర్దోషి జీవిత భాగస్వామికి ఉపశమనం అన్న నిబంధన ఉంది. అది పన్ను బాకీకే వర్తిస్తుంది, ఎఫ్‌బార్ జరిమానాకు వర్తించదు. ఎఫ్‌బార్‌లో పొరపాటున తప్పు జరిగితే జరిమానా ప్రతి ఖాతాకూ కాదు, ప్రతి ఏటి ప్రకటనకూ ఒకసారేనని అమెరికా సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో బిట్నర్ కేసులో తీర్పిచ్చింది. అదొక ఊరట. కానీ సంతకం చేసే ముందు చదివే హక్కును ఏ కోర్టూ మన పిల్లలకు తెచ్చిపెట్టదు. “ల్యాప్‌టాప్ ముందుకు జరిపి ఇక్కడ నొక్కు అంటడు, నొక్కుత” అని ఒక అమ్మాయి చెప్పింది. ఆమె ఇంజినీరింగ్ చదివింది.

భయపెట్టడానికి ఇదంతా రాయలేదు. ఈ కాగితాలకు ఇంకో ముఖం ఉంది. భర్త వదిలేసిన స్త్రీ మనోవర్తి కోసం కోర్టుకెళ్తే మొదట వినపడే మాట “నాకేమీ ఆదాయం లేదు” అన్నదే. అతని రిటర్ను చూపించమని సమాచార హక్కు కింద అడిగితే అది వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు కూడా అలాగే ఉంది. కానీ 2020 నవంబరు 4న రజ్నేష్, నేహ కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసులన్నిటిలో ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలంది. నమూనా కూడా ఇచ్చింది. అందులో విదేశాల్లో ఉండే భాగస్వామికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. విదేశీ కరెన్సీలో ఆదాయం ఎంతో, దానికి ఆధారమైన ఉద్యోగ కాగితాలు, పన్ను రిటర్నులు సహా చెప్పాలి. ప్రమాణపత్రంలో ఒకటి రాసి, షెడ్యూల్ ఎఫ్‌ఏలోనో ఎఫ్‌బార్‌లోనో ఇంకొకటి రాసినవాడు ఏదో ఒకచోట అబద్ధమాడినట్టే. అతను సంతకం చేసిన ప్రకటనే ఆమెకు సాక్ష్యం. అమెరికాలో ఉమ్మడి రిటర్ను వేసినామె దాని నకలు భర్త అనుమతి లేకుండా తానే నేరుగా పన్నుల శాఖ నుంచి తెప్పించుకోవచ్చు. భైంసాకు తిరిగొచ్చిన తర్వాత కూడా.

పింఛను నిధి విషయంలో కూడా తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. అమెరికా కంపెనీల 401 కె నిధిలో ఉద్యోగి చనిపోతే డబ్బు మామూలుగా జీవిత భాగస్వామికే వెళ్లాలి. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంకొకరి పేరు పెట్టడం కుదరదు. విడాకుల్లో కోర్టు ప్రత్యేక ఉత్తర్వుతో అందులో వాటా ఇప్పించగలదు. అందుకని “ఏదో ఆఫీసు కాగితం, సంతకం పెట్టు” అన్నప్పుడు అది ఆ ఒప్పుకోలు కాగితమేమో చూడాలి. దేశానికి తిరిగొచ్చిన కుటుంబాలకు 2021లో మన చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడా పింఛను ఖాతాల్లో పెరిగే ఆదాయం మీద పన్నును, డబ్బు తీసుకున్నప్పుడే కట్టేలా ఎంచుకోవచ్చు. పన్ను వాయిదా పడుతుంది కానీ షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపడం వాయిదా పడదు. ఆ నిధి ఉందన్న సంగతి ఏటా కాగితం మీదకి వస్తూనే ఉంటుంది.

అలాగని పన్నుల శాఖకు పట్టిస్తానని బెదిరించడాన్ని ఆయుధంగా సూచించడం నాకిష్టం లేదు. కొందరు లాయర్లు ఈ సలహా ఇస్తున్నారు. ఆమె సంతకం కూడా అదే కాగితం మీద ఉంటే ఆ దెబ్బ ఆమెకే తగులుతుంది. పైగా మనం స్త్రీవాదులం రాజ్యానికి ఇన్‌ఫార్మర్లుగా మారాలా అన్న ప్రశ్న కూడా ఉంది. భైంసా వంటి ఊళ్లో ఇది ఊరికే వేసుకునే ప్రశ్న కాదు. 2008లో, 2020లో, 2021లో ఇక్కడ మతఘర్షణలు జరిగాయి. ముస్లిం ఇంటికి గల్ఫ్ నుంచి వచ్చే నెల డబ్బునే ‘బయటి పైసలు’ అని అనుమానంగా మాట్లాడేవాళ్లు ఉంటారు. అటువంటి చోట విదేశీ ఖాతా అన్న మాటను నేరంతో కలిపి ప్రచారం చేస్తే నష్టపోయేది ఆ ఇంటి ఆడవాళ్లే. విదేశంలో ఉన్నప్పుడు సంపాదించిన ఖాతాను తిరిగొచ్చాక కూడా ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్య చట్టమే అనుమతిస్తుంది. ఖాతా ఉండటం తప్పు కాదు, చెప్పాల్సిన చోట చెప్పాలి. మనం ఈ మాటను ఎంత మామూలుగా చెప్పగలిగితే అంత మంచిది.

మన సంఘాలు చేయగలిగిన పనులు కొన్నున్నాయి. వలస కుటుంబాలతో పెట్టే సమావేశాల్లో ఆరోగ్యం, రుణాలతోపాటు ఒక గంట కాగితాలకు కేటాయిద్దాం. ఏయే ఖాతాల్లో తన పేరుంది, ఏ దేశంలో, ఏ హోదాలో, నామినీ ఎవరు, కంపెనీ పేరేమిటి, మూలవేతనమెంత, ఎన్నేళ్ల సర్వీసు: ఈ ఏడు సంగతులు ప్రతి స్త్రీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవాలి. ఉద్యోగ ఒప్పందం నకలు, వీసా నకలు ఇంట్లో ఉండాలి. వెళ్లే కార్మికులకు ఇచ్చే శిక్షణలో భార్యను కూడా కూర్చోబెట్టమని అడగాలి. పూర్తి నివాసి అయిన స్త్రీకి విదేశీ ఖాతాలో పేరుంటే, ఆదాయం లేకపోయినా, రిటర్ను వేయడానికి జిల్లా న్యాయసేవా సంస్థ ద్వారా ఉచిత సాయం కోరాలి. ఆ పట్టిక, దాని సూచనలు తెలుగులో, ఉర్దూలో కావాలి. మనోవర్తి కేసుల్లో 2020 నాటి ప్రమాణపత్రం పూర్తిగా నింపించకుండా వాయిదాలకు ఒప్పుకోవద్దని లాయర్లతో గట్టిగా చెప్పాలి.

చట్టంలో మార్పు కోసం కూడా అడగాలి. పేరు మాత్రమే ఉండి డబ్బు మీద అదుపు లేని భార్యకు నల్లధన చట్టం కింద స్పష్టమైన మినహాయింపు ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా, పన్ను కోసం ఆమెను సహయజమానిగా గుర్తించిన ఖాతాలో ఎంత ఉందో తెలుసుకునే హక్కు, విడిపోయినప్పుడు అందులో వాటా అడిగే హక్కు ఆమెకుండాలి. పెళ్లి తర్వాత కూడబెట్టిన ఆస్తిలో భార్యకు సమాన భాగం కావాలని స్త్రీల ఉద్యమం ఎన్నో ఏళ్లుగా అడుగుతోంది. ఆ డిమాండును ఇప్పుడు సముద్రాల అవతలి ఖాతాలకు, పింఛను నిధులకు, ముగింపు డబ్బుకు కూడా పొడిగించాలి. లెక్క చెప్పమని ఆమెను పిలిచిన ప్రభుత్వం, లెక్క అడిగే అధికారం కూడా ఆమెకు ఇవ్వాలి.